చెయ్యి కనిపించని వాక్యాలు

షోలాపూర్ తూర్పు భాగంలో దాజీపేట, సాఖర్‌పేట, భద్రావతిపేట, అశోక్ చౌక్, కుచన్ నగర్ సందుల్లో పిల్లల్ని బెదిరించే మాటలు ఒక్క భాషలో ఉండవు. "గప్ కూసో, లేకుంటే ఈపు పగుల్తది" అని తెలంగాణ తెలుగులో ఒక తల్లి గదమాయిస్తుంది. "మార్ ఖాశీల్" అని పక్కింటావిడ మరాఠీలో హెచ్చరిస్తుంది. నాలుగిళ్ల అవతల కన్నడం. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారులో ఏది పనికొస్తే అది. నిజాం ఇలాకాలోని కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చి స్థిరపడిన పద్మశాలీల పేటలు ఇవి. ఇక్కడి పిల్లలు అయిదేళ్లు నిండేసరికి ఏ మాట ఎక్కడ వాడాలో నేర్చేసుకుంటారు. కొట్టడానికి ఎన్ని పేర్లున్నాయో కూడా ఆ వయసుకే వాళ్లకు తెలిసిపోతుంది.

ఆ పేర్లు తక్కువేమీ కావు. మొట్టికాయ, లెంపకాయ, టెంకిజెల్ల, తొడపాశం, చెవి మెలిపెట్టడం, గోడకుర్చీ, గుంజీలు. పాత వీధిబడుల్లో కోదండం వేయించేవారు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడాలి, చేతులు జారితే కింద పంతులుగారి బెత్తం సిద్ధంగా ఉంటుంది. ఈ మాటలు క్రూరమైనవే అయినా జరిగేదేమిటో దాచవు. తొడపాశం అంటే నొప్పి ఎక్కడ పుడుతుందో వినగానే తెలుస్తుంది.

రెండో తరహా మాటలు వేరు. బడితెపూజ, దేహశుద్ధి, వడ్డన, బుద్ధి చెప్పడం, దారిలో పెట్టడం, భయం చెప్పడం, నాలుగు తగిలించడం. మాస్టారు బెత్తంతో కొడితే మరాఠీలో 'ఛడీచా ప్రసాద్' ఇచ్చారంటారు. వీపు మీద అరచేత్తో చరిచే దెబ్బకు ధపాటా అని పేరు. షోలాపూర్ ఇళ్లలో జొన్నపిండి, శనగపిండి కలిపి చేత్తో తట్టి కాల్చే రొట్టెకూ అదే పేరు. పూజ భక్తితో చేసేది, ప్రసాదం పుణ్యం కొద్దీ దొరికేది, వడ్డన ఆకలిగొన్నవాడికి దక్కేది. ఇవన్నీ గుడి నుంచి, వంటింటి నుంచి వచ్చిన మంచి మాటలు. దెబ్బకు ఆ పేరు పెట్టగానే వాటి మంచితనం దెబ్బకు అంటుకుంటుంది.

అలా అంటుకుంటుందని ఊరికే అనుకుంటే చాలదు. మాట మారితే మనుషుల తీర్పు నిజంగా మారుతుందా అన్నది పరీక్షించి చూడదగిన ప్రశ్న. చూసినవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో డాలస్ నగరంలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బ్రౌన్, జార్జ్ హోల్డెన్, రోజ్ అష్రఫ్‌ల అధ్యయనం 2018లో అచ్చయింది. వాళ్లు చేసిన ప్రయోగం చాలా సాదాది. అయిదేళ్ల కొడుకు మాట వినలేదు, తల్లి దండించింది అన్న చిన్న సన్నివేశాలు రాసి పెద్దవాళ్ల చేత చదివించారు. వాటిలో మారేదల్లా తల్లి చేసిన పనికి వాడిన క్రియ. ఒకచోట స్పాంక్, ఒకచోట స్వాట్, మిగతాచోట్ల స్లాప్, హిట్, బీట్. స్పాంక్ అన్నది అక్కడ పిల్లల విషయంలో అలవాటైపోయిన ఇంటిమాట. స్వాట్ అంటే తేలిగ్గా చరచడం. బీట్ అంటే బాదడం. తల్లి చేసింది ఎంతవరకు సమంజసం, దానివల్ల ఎంత ప్రయోజనం అని అడిగితే, మెత్తని మాటలున్న సన్నివేశాలకు మంచి మార్కులు పడ్డాయి. స్లాప్, హిట్ దగ్గర అవి తగ్గుతూ వచ్చి బీట్ దగ్గర అడుగంటాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. బీట్ అని చదివినవాళ్లు ఎక్కువ దెబ్బలు ఊహించుకుని ఉంటారు కదా, అలాంటప్పుడు వాళ్లు తీర్పు చెప్పింది మాట మీదా, పని మీదా? నా ఉద్దేశంలో ఆ రెండింటినీ విడదీయలేం. సన్నివేశంలో ఎన్ని దెబ్బలో, ఎంత గట్టివో చెప్పలేదు. చెప్పనిదాన్ని మాటే పూరించింది. మన పేటలో రోజూ జరిగేదీ అదే. పక్కింట్లో జరిగింది మనం చూడం, వింటాం. విన్నప్పుడు మన చేతికి దొరికేది ఒక్క క్రియాపదం. దాన్నిబట్టే ఆ తల్లి మంచిదో చెడ్డదో, ఆ పిల్లవాడికి జరిగింది పెంపకమో కాదో తేల్చేస్తాం.

ఆ ప్రయోగాన్ని ఇక్కడికి తెచ్చుకుని చూద్దాం. మగ్గం ఉన్న ఇంట్లో ఒక తల్లి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది అనుకోండి. రోజుకు వెయ్యి బీడీల లెక్క. కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పాలి. సరిగా లేనివి అక్కడ తీసిపారేస్తారు, వాటికి కూలి రాదు. ఇంతలో అయిదేళ్ల కొడుకు కండెల గంప బోర్లించి నూలంతా చిక్కు చేశాడు. ఆమె లేచి వాడి వీపు మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టింది. రాత్రి భర్తతో ఏమంటుంది? "కండెలన్నీ ఆగం జేసిండు, రెండు తగిలిచ్చిన" అంటుంది. అదే సంగతి ఇంకోలా చెప్పిందనుకోండి: "కొడుకును ఈపు మీద కొట్టిన, శానాసేపు ఏడ్చిండు." మొదటి వాక్యం విన్న భర్త కండెలు ఏమయ్యాయని అడుగుతాడు. రెండోది విన్నవాడు కొడుకు ఎక్కడున్నాడని అడుగుతాడు.

మొదటి వాక్యంలో ఇంకో సంగతి ఉంది. రెండు తగిలించింది సరే, ఏవి రెండు? ఆ నామవాచకం వాక్యంలో లేదు. "ఒక్కటిచ్చా", "రెండు పీకా", "నాలుగు తగిలించా" అంటాం. అంకె మిగిలింది, దెబ్బ మాయమైంది. పెద్దవాళ్ల మధ్య జరిగిన కొట్లాట ఫిర్యాదుగా మారితే ఈ భాష పనికిరాదు. ఎవరు, దేనితో, ఎక్కడ, ఎన్నిసార్లు కొట్టారో అడిగి రాసుకుంటారు. దెబ్బ తిన్నది పిల్లవాడైతే మాత్రం ఈ లెక్కే చాలనుకుంటాం.

తెలుగు వ్యాకరణం ఈ పనికి ఇంకా చాలా దార్లు చూపిస్తుంది, వాటి దగ్గర కాస్త ఆగాలి. "ఈపు పగుల్తది" అన్న బెదిరింపులో పగలగొట్టే మనిషి లేడు. వీపు తనంతట తానే పగులుతుంది. "తన్నులు పడతయ్" అన్నప్పుడు వాన చినుకుల్లా అవి పైనుంచి పడతాయి. "దెబ్బలు తిన్నాడు" అన్నప్పుడు వాక్యానికి కర్త పిల్లవాడే అయ్యాడు, పని కూడా వాడిదే అయింది, తినడం. మరాఠీలోనూ 'మార్ ఖాణే' అంటే తినడమే. ఇక "చెయ్యి చేసుకున్నాడు" అన్న ప్రయోగం చూడండి. వండుకున్నాడు, తెచ్చుకున్నాడు, కట్టుకున్నాడు అనేటప్పుడు 'కొను' చేరి పని ఫలితం చేసినవాడికే చెందుతుంది. అదే రూపంలో కొట్టడాన్ని చెబితే, దెబ్బ తిన్నవాడు 'వాడి మీద' అంటూ వాక్యం అంచుకు జరిగిపోతాడు. "కోపంలో చెయ్యి లేచింది" అంటే చెయ్యి ఉంది గాని అది ఎవరి చెయ్యో లేదు.

కర్త లేని వాక్యం తీర్పును మారుస్తుందని చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. కెయిట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 2010లో దాన్ని ప్రచురించారు. హోటల్లో ఒకామె వల్ల కొవ్వొత్తి నుంచి నిప్పంటుకున్న కథను కొందరికి "ఆమె రుమాలును అంటించింది" అన్న ధోరణిలో, కొందరికి "రుమాలు అంటుకుంది" అన్న ధోరణిలో ఇచ్చారు. జరిగిన నష్టంలో ఆమె ఎంత కట్టాలో చెప్పమంటే, కర్త కనిపించే కథ చదివినవాళ్లు ఎక్కువ సొమ్ము వేశారు. ఇంకో ప్రయోగంలో 2004 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట విరామంలో గాయని జానెట్ జాక్సన్ దుస్తులు చిరిగిన ఘటన తీసుకున్నారు. గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ చింపాడన్న వాక్యం చదివినవాళ్లు, చిరిగిందన్న వాక్యం చదివినవాళ్లకన్నా 53 శాతం ఎక్కువ జరిమానా వేశారు. వీడియో చూపించినా ఆ తేడా పోలేదు. కళ్లతో చూసినదానికన్నా చదివిన వాక్యానికి అంత బలం ఉంటే, చూడనిదాని విషయంలో ఎంత ఉంటుందో ఆలోచించండి.

ఇంతకంటే పాతది, ప్రసిద్ధమైనది ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్‌ల 1974 నాటి ప్రయోగం. కార్లు గుద్దుకున్న ఫిల్ము చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో 'తాకాయి' అన్న అర్థమున్న మాట పెడితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు, 'ఢీకొని నుజ్జయ్యాయి' అన్న అర్థమున్న మాట పెడితే 40కి పైగా. వాళ్లదే మరో ప్రయోగంలో, ఫిల్ము చూసిన వారం తర్వాత, అద్దం పగిలిందా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. అయినా గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో చూశామన్నవాళ్లు 7 మంది.

మాట తీర్పును మారుస్తుంది, జ్ఞాపకాన్నీ మారుస్తుంది. "మా నాయిన కొట్టి పెంచిండు కాబట్టే ఇట్ల బాగుపడ్డం" అని ఈ పేటల్లో పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. వాళ్లు అబద్ధమాడడం లేదు. ఏళ్ల తరబడి 'పెంచడం' అన్న మాటతో కలిపి చెప్పుకున్న దెబ్బ ఇప్పుడు వాళ్లకు పెంపకంగానే గుర్తుంది. దెబ్బలవల్ల బడి మానేసినవాడు, ఇల్లు వదిలి పారిపోయినవాడు ఏ సభలోనూ లేచి తన కథ చెప్పడు గనక లెక్క ఎప్పుడూ ఒకవైపే తూగుతుంది.

ఇక్కడి మరాఠీ బళ్లలో చదివిన పిల్లలకు సానే గురూజీ రాసిన 'శ్యామ్‌చీ ఆయీ' బాగా తెలుసు. 1935లో వచ్చిన ఆ పుస్తకం తరతరాల మహారాష్ట్ర పిల్లలను ఏడిపించింది. అందులో ఈతకు పోనని దాక్కున్న కొడుకును తల్లి కొట్టి పంపే ఘట్టం ఉంది. ఆమె ప్రేమను ఎవరూ శంకించలేరు, నేనూ శంకించను. కాని ప్రేమ నిజమైనంత మాత్రాన దెబ్బ ప్రేమ అయిపోదు. ఆ రెండింటినీ ఒకే మాటలో కట్టి మన చేతికిచ్చే అలవాటు సాహిత్యంలో, సినిమాల్లో, ఇంటి కబుర్లలో ఎంత గట్టిదో ఆ ఘట్టానికున్న ఆదరణే చెబుతుంది. అల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త, మనుషులు తమ మనస్సాక్షికి నొప్పి తెలియకుండా ఇతరులకు హాని చేయగలగడానికి వాడుకునే ఉపాయాలను వర్గీకరించాడు. మెత్తని పేరు పెట్టడం వాటిలో ఒకటి. యుద్ధాల్లో, వ్యాపారాల్లో ఆయన చూసిన ఆ ఉపాయం మన ఇళ్లలో అమ్మల నోట, నాన్నల నోట చెడు ఉద్దేశమేమీ లేకుండానే నడుస్తోంది.

పేరు అడిగితే ఒక అంకె, పని అడిగితే ఇంకో అంకె వస్తుందని సర్వేలు చేసేవాళ్లకు బాగా తెలుసు. "మీ పిల్లల్ని హింసిస్తారా?" అంటే ఎవరూ ఔననరు. అందుకే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మరే స్ట్రాస్ 1979లో ప్రచురించిన కొలమానంలో పేర్లు తీసేసి పనులు అడిగాడు. యూనిసెఫ్ తన ఇంటింటి సర్వేల్లో ఆ పద్ధతినే వాడుతుంది. పిల్లవాణ్ణి పట్టుకుని కుదిపారా, అరచేత్తో కొట్టారా, కర్రతోనో బెల్టుతోనో కొట్టారా అని వరసగా అడిగి, చివర్లో వేరే ప్రశ్న వేస్తుంది: పిల్లలు సరిగా పెరగాలంటే కొట్టడం అవసరమని మీరు నమ్ముతారా? 2014లో ఆ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం 2 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురు ఇంట్లోని పెద్దవాళ్ల చేతుల్లో దెబ్బలు తింటున్నారు. అవి అవసరమని నమ్మే పెద్దవాళ్లు పదిమందిలో ముగ్గురే. నమ్మకుండానే కొట్టేవాళ్లు ఇంతమంది ఉన్నారన్నమాట. నమ్మకం లేని పనిని రోజూ చేయాలంటే దానికి మెత్తని పేరు కావాలి.

మన దగ్గరి లెక్కలూ ఉన్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. అందులో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. బడికి వెళ్లే పిల్లల్లో 65 శాతం మంది అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరిస్తూ వచ్చిన 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో, ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది గడిచిన వారంలో టీచరు చేతి దెబ్బ తిన్నట్టు తేలింది. పదిహేనేళ్లవాళ్లలో అది 34 శాతం. ఎదురు తిరగలేని వయసుకే దెబ్బలు ఎక్కువ. అప్పటికే, 2002లోనే, ఆ రాష్ట్ర ప్రభుత్వం విద్యా నియమావళిని సవరించి బడిలో కొట్టడాన్ని నిషేధించి ఉంది.

యంగ్ లైవ్స్ పరిశోధకులు వర్జీనియా మారో, రేణు సింగ్ ఆ పిల్లల మాటల్ని దగ్గరగా విని 2014లో రాసిన పత్రం నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. పిల్లలు ఎందుకు దెబ్బలు తిన్నారు? ఆలస్యంగా వచ్చినందుకు, బడి మానినందుకు, యూనిఫాం లేనందుకు, నోటుపుస్తకం తేనందుకు. పొలం పనికి, ఇంటి పనికి ఆగిపోయిన పిల్లలు వీళ్లు. ఆ దెబ్బలకు బడి పెట్టిన పేరు క్రమశిక్షణ. పేదరికానికి పడిన దెబ్బ ఆ పేరు చాటున పిల్లవాడి ప్రవర్తనకు పడిన దెబ్బగా మారిపోయింది. బీడీల కట్టలు కట్టడంలో అమ్మకు సాయం చేసి ఆలస్యంగా బడికి చేరే షోలాపూర్ పిల్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

క్రమశిక్షణలో శిక్ష ఎలాగూ ఉంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, శక్తి సంపాదించాలనే కోరిక. హిందీలో ఇప్పటికీ చదువే. తెలుగులో, మరాఠీలో అది దండన అయింది. ఈ పేటల పిల్లలు దీన్ని బళ్లో రోజూ ఎదుర్కొంటారు. హిందీ పుస్తకంలో 'శారీరిక్ శిక్షా' అంటే ఆటల పీరియడు. మరాఠీలో అక్షరం మారకుండా అదే మాటకు అర్థం దెబ్బలు. ఆటల పీరియడును మరాఠీలో 'శారీరిక్ శిక్షణ్' అనాలి. అయితే మాట పుట్టుక మనిషి ప్రవర్తనను శాసిస్తుందని నేననను. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు ఎక్కువ కొడతారని, హిందీవాళ్లు తక్కువ కొడతారని చెప్పడానికి ఆధారమేమీ లేదు. మనం మాట్లాడేటప్పుడు వ్యుత్పత్తి మన బుర్రలో ఉండదు. ఏ మాట వినిపించింది, ఏ మాట వినిపించలేదు అన్నదానికే బలం.

చట్టంలో మాటకున్న బలం ఇంకా ప్రత్యక్షం. 1860లో ఇంగ్లండులోని ఈస్ట్‌బర్న్‌లో థామస్ హాప్లీ అనే బడిపంతులు పదిహేనేళ్ల విద్యార్థిని గంటల తరబడి కొట్టి చంపాడు. అతనికి శిక్ష పడింది గాని, ఆ తీర్పులో న్యాయమూర్తి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పిల్లల్ని మితంగా, సహేతుకంగా దండించవచ్చని ఒప్పుకున్నారు. ఒక పిల్లవాడి చావుకు శిక్ష వేసిన తీర్పు నుంచి మిగిలినవి ఆ రెండు మెత్తని విశేషణాలు. నూట యాభై ఏళ్లకు పైగా అవి బ్రిటిష్ చట్టాన్ని ఏలాయి. ఆ రక్షణను స్కాట్లండ్ 2020లో, వేల్స్ 2022లో తీసేశాయి. అదే 1860లో మనకు వచ్చిన శిక్షాస్మృతిలో 89వ సెక్షను, పన్నెండేళ్ల లోపు పిల్లల మేలుకోరి సద్భావంతో సంరక్షకుల అనుమతితో చేసిన పని నేరం కాదంది. అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షను. సద్భావం అన్న మాట వినడానికి ఎంత చల్లగా ఉందో చూడండి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం మరో మంచి పని చేసింది. పిల్లలను క్రమశిక్షణలో పెట్టడానికో సంస్కరించడానికో కావాలని నొప్పి కలిగించడాన్నే శారీరక దండన అని నిర్వచించింది. సాకుగా చెప్పే ఉద్దేశాన్ని నిర్వచనంలోకే లాగేసింది. విచారమేమంటే, ఆ దండనకు ఆ చట్టం పెట్టిన ప్రత్యేక శిక్ష పిల్లల సంరక్షణాలయాలకే పరిమితం. ఇంట్లో కొట్టకూడదని నేరుగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. పొరుగున నేపాల్ 2018లో చేసింది. ప్రపంచంలో అందరికన్నా ముందు, 1979లో, చేసింది స్వీడన్. పిల్లల్ని దండిస్తూ కొట్టడానికి వాళ్లకూ 'ఆగా' అని ప్రత్యేకమైన మాట ఉంది. కొత్త చట్టం గురించి ఇంటింటికీ చిన్న పుస్తకం పంపారు, పాల డబ్బాల మీద కూడా అచ్చువేశారు. అమ్మానాన్నలు, పిల్లలు కలిసి కూర్చునే బల్ల మీదికి ఆ మాటను నిషిద్ధమైన పనిగా తీసుకొచ్చారు.

ఈ మాటలన్నీ పెద్దవాళ్లకు సంబంధించినవి. దెబ్బ తిన్న శరీరానికి మాత్రం పేరు పట్టదు. తేలికపాటి చరుపును, దారుణమైన హింసను కలిపేసి లెక్కలు కడుతున్నారన్న విమర్శ చాలాకాలం ఉండేది. దానికి జవాబుగా ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో ఒట్టి అరచేతి చరుపుకు సంబంధించిన 75 అధ్యయనాలను, 1,60,927 మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. పరిశీలించిన 17 అంశాల్లో 13 అంశాల్లో దెబ్బలకు చెడు ఫలితాలతో సంబంధం కనిపించింది. దుడుకుతనం, మానసిక ఇబ్బందులు, తల్లిదండ్రులతో సంబంధం చెడడం వాటిలో ఉన్నాయి. దెబ్బల వల్ల మేలు జరిగిన జాడ లేదు. ఇవి చాలావరకు సహసంబంధాలే, అల్లరి పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారేమో అన్న ప్రశ్న ఇలాంటి అధ్యయనాలకు ఎప్పుడూ ఎదురవుతుంది. అయినా పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించి చూసిన పరిశోధనలూ ఆ దిశగానే చూపిస్తున్నాయి. 2021లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు తీవ్రహింసకు గురికాని 147 మంది పిల్లల మెదళ్లను స్కాన్ చేశారు. భయపడిన ముఖాల బొమ్మలు చూపినప్పుడు, ఇంట్లో చరుపులు తిన్న పిల్లల మెదడు ముందుభాగంలో స్పందన తిననివాళ్ల కంటే ఎక్కువగా ఉంది. తీవ్రహింసకు గురైన పిల్లల్లో కనిపించే తరహాకు, దీనికి పెద్ద తేడా లేదు. ధపాటా, ప్రసాదం, రెండు తగిలించడం అన్న పేర్లేవీ ఆ స్కానులో కనపడవు.

అలాగని మాట మార్చేస్తే పని అయిపోతుందని నేననుకోను. ప్రతి చరుపునూ 'హింస' అని పేరు పెట్టి తల్లుల ముఖాన కొడితే వాళ్లు చెవులు మూసుకుంటారు, అందులో వాళ్ల తప్పు లేదు. రోజంతా పిల్లవాడికి అన్నం పెట్టి, నీళ్లు పోసి, చివరికి ఒకసారి కొట్టిన మనిషిని నిందితురాలి వరసలో నిలబెట్టే మాట న్యాయమైనది కాదు. కావలసింది ఉన్నదున్నట్టు చెప్పే క్రియాపదం, దానికి ఒక కర్త. "కొట్టిన." అంతే. అందులో నింద లేదు, దాపరికమూ లేదు. ఆ మాటను అనగలిగిన తల్లి, తర్వాతి ప్రశ్నను తానే వేసుకోగలదు: ఎందుకు కొట్టిన?

ఆ ప్రశ్నకు జవాబు సగం ఇంట్లో దొరకదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, ఆడవాళ్లు ఎక్కువమంది పనిచేసే కార్ఖానాలో వాళ్ల పిల్లల కోసం ఒక గది, చూసుకునే మనిషి ఉండాలంది. ఆ నియమం కార్ఖానా ఆవరణకే వర్తించేది. ఆకు, తంబాకు ఇళ్లకు పంపించి బీడీలు అక్కడే చుట్టించుకునే పద్ధతిలో ఆ ఆవరణ లేదు. పని ఇంటికి వచ్చింది, పిల్లల గది రాలేదు. కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మికులు పోరాడి కట్టించుకున్న 10,000 ఇళ్ల కాలనీ ఉంది. అంత పెద్ద పని సాధించినవాళ్లకు పిల్లల గది అడగడం పెద్ద విషయం కాదు.

రేపు ఎవరైనా బీడీ కార్మికుల ఇళ్ల పేట విడి ఘర్కుల్లోనో దాజీపేటలోనో ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి అడిగితే, పిల్లల్ని దండిస్తారా అని అడగవద్దు. ఇలా అడగాలి: "పోయిన నెలల మీ ఇంట్ల ఎవలన్న ఈ పొల్లగాన్ని అరచేత్తోని కొట్టిన్రా? కట్టెతోని? దేని మీద? ఎన్నిసార్లు?" యూనిసెఫ్ అడిగే చివరి ప్రశ్న కూడా అడగాలి, కొట్టకుంటే పిల్లలు బాగుపడరని మీకు అనిపిస్తదా అని. వాళ్ల పట్టికలో లేని ఒక ప్రశ్నను మాత్రం ఈ పేటల్లో కలపాలి. కొట్టిన రోజు ఆమె ఎన్ని బీడీలు చుట్టాల్సి ఉంది, అప్పటికి ఎన్ని చుట్టింది, ఆ గంటలో పిల్లవాణ్ణి చూసుకోవడానికి ఇంకెవరున్నారు?